హిమాచల్ ప్రదేశ్‌లో కిన్నౌర్–స్పితి సైకిల్ యాత్ర: షిమ్లా నుంచి కాజా, కుంజుమ్ దాకా. ప్లాను, గేర్లు, బ్రేకుల మీద సలహాలు కావాలి

మూడోగేరు

నమస్కారం అందరికీ. సెప్టెంబరు రెండో వారంలో షిమ్లాలో బయల్దేరి, సట్లెజ్ వెంట కిన్నౌర్ మీదుగా ఖాబ్ దాకా, అక్కణ్నుంచి స్పితి నది వెంట కాజా దాకా, ఓపిక మిగిలితే కుంజుమ్ కనుమ దాటి గ్రంఫూ (మనాలి దారి కలిసే చోటు) దాకా సైకిల్ తొక్కాలని ఉంది. మ్యాపు చూసి పది రోజులకు గీసుకున్న ప్లాను ఇది:

షిమ్లా – నార్కండా – రాంపూర్ – టాప్రీ – కల్పా – నాకో – టాబో – కాజా – లోసర్ – (కుంజుమ్ దాటి) బాతల్ – గ్రంఫూ. ఒక్కో గీతకు ఒక్కో రోజు.

సైకిల్ స్టీలు ఫ్రేము, 700×40 టైర్లు, ముందు 46/30 చైన్‌రింగులు (పెడల్ దగ్గరి పళ్లచక్రాలు), వెనక 9 స్పీడు 11-34 క్యాసెట్ (వెనక చక్రం మీది పళ్లచక్రాల కట్ట; అంకెలు పళ్ల లెక్క), కేబుల్‌తో లాగే డిస్క్ బ్రేకులు. నా బరువు 68 కిలోలు, సైకిల్ 14, సామాను టెంటుతో కలిపి 18. అంటే మొత్తం వంద కిలోలు.

నా సందేహాలు: రోజుల లెక్క సరిపోతుందా? ఈ గేర్లు చాలా, మార్చాలా? బ్రేకులు హైడ్రాలిక్‌కి (గొట్టంలో ద్రవం ఒత్తిడితో పట్టేవాటికి) మార్చుకోమని కొందరంటున్నారు, నిజంగా అవసరమా? దారి వదిలి పైకెక్కి చూడాల్సిన పాత ఊళ్లు ఏవి? సమయం తక్కువైతే ఏది వదలాలి?

ఎత్తులెక్క

మీ ప్లానులో కిలోమీటర్లు కుదిరాయి, రాత్రులు కుదరలేదండీ. ఈ దారిలో పగలు ఎంత దూరం తొక్కామన్నది తర్వాతి సంగతి. ఆ రాత్రి ఏ ఎత్తులో పడుకున్నామన్నదే ముందు చూడాలి.

మీ రాత్రుల ఎత్తులు సుమారుగా ఇలా ఉన్నాయి: నార్కండా 2,700 మీటర్లు, రాంపూర్ 1,000, టాప్రీ దాదాపు నది మట్టంలోనే, కల్పా 2,960, నాకో 3,660, టాబో 3,280, కాజా 3,650, లోసర్ 4,080. రాంపూర్‌లో వెయ్యి మీటర్ల దగ్గర పడుకున్న మనిషి మూడు రాత్రులు తిరిగేసరికి నాకోలో ఉంటాడు. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదనీ, ప్రతి మూడు నాలుగు రోజులకు ఒక రోజు అదే ఎత్తులో ఆగాలనీ కొండల వైద్యులు చెప్పే నియమం. పగలు ఎంత ఎత్తుకైనా ఎక్కి రావచ్చు, పడక మాత్రం కిందే ఉండాలి.

స్పితిలో ఈ నియమాన్ని ఇంకా గట్టిగా పాటించాల్సిన కారణం ఒకటుంది. ఎత్తు జబ్బు (పలచటి గాలిలో ప్రాణవాయువు చాలక వచ్చేది) ముదిరితే మందు దిగడమే. వెంటనే, కనీసం 300 నుంచి 1,000 మీటర్లు కిందికి పోవాలి. కాజాలో జబ్బు చేస్తే ఎటు దిగుతారు? మనాలి వైపు పోవాలంటే ముందు 4,551 మీటర్ల కుంజుమ్ ఎక్కాలి. కిన్నౌర్ వైపు చూస్తే టాబో కేవలం 370 మీటర్లు కింద ఉంది, అది దాటాక దారి నాకో దగ్గర మళ్లీ 3,600కి లేస్తుంది. లోయలో ఉన్నాం కాబట్టి దిగడం తేలికే అనిపిస్తుంది గానీ, ఈ లోయకు రెండు వైపులా గుమ్మాలు ఎత్తుగానే ఉన్నాయి. అందుకే శరీరాన్ని కిన్నౌర్‌లోనే అలవాటు చేసుకుని స్పితిలో అడుగుపెట్టాలి. షిమ్లా వైపు నుంచి రావాలనే మీ నిర్ణయం చాలా మంచిది. మనాలి వైపు నుంచి వస్తే ఈ వెసులుబాటు ఉండదు.

నేనైతే ఇలా వేస్తాను:

1. షిమ్లా – నార్కండా (సుమారు 65 కి.మీ.)
2. నార్కండా – రాంపూర్ (దాదాపు అంతా దిగుడే)
3. రాంపూర్ – జ్యోరీ – సరాహన్. జ్యోరీ నుంచి 17 కి.మీ. ఎక్కుడు, పడక సుమారు 2,200 మీటర్ల దగ్గర
4. సరాహన్ – టాప్రీ లేదా కర్ఛమ్
5. కర్ఛమ్ – సాంగ్లా (18 కి.మీ., కానీ ఎనిమిది వందల మీటర్లకు పైగా ఎక్కాలి. పడక 2,680)
6. సామాను సాంగ్లాలోనే పెట్టి ఛిత్కుల్ (3,450) ఎక్కి వెనక్కి. పడక మళ్లీ 2,680
7. సాంగ్లా – కర్ఛమ్ – పొవారీ – రెకాంగ్ పియో – కల్పా (2,960)
8. కల్పాలో విశ్రాంతి
9. కల్పా – పూహ్ (సుమారు 2,660)
10. పూహ్ – ఖాబ్ – నాకో
11. నాకోలో విశ్రాంతి
12. నాకో – టాబో (63 కి.మీ.)
13. టాబో – కాజా (47 కి.మీ.)
14. కాజాలో విశ్రాంతి, ఒళ్లు బాగుంటే సామాను లేకుండా కీ గోంపా (బౌద్ధ మఠం) దాకా
15. కాజా – లోసర్ (సుమారు 57 కి.మీ.)
16. లోసర్ – కుంజుమ్ – బాతల్
17. బాతల్ – ఛత్రూ – గ్రంఫూ

ఈ పట్టికలోనూ ఒక చోట నియమం తప్పుతోంది. పూహ్ కల్పా కన్నా కిందే ఉంది కాబట్టి, అప్పటిదాకా పడుకున్న ఎత్తుల్లో ఎక్కువది కల్పాదే, 2,960. అక్కణ్నుంచి లెక్కేసినా నాకో 3,660కి 700 మీటర్ల పెరుగుదల, ముందు రాత్రి పూహ్ నుంచి అయితే 1,000. పూహ్‌కీ నాకోకీ నడుమ ఎత్తులో సరైన బస లేదు. అందుకే ఆరో రోజున ఛిత్కుల్ ఎక్కి రావడం, నాకోలో రెండు రాత్రులు ఉండటం. మొదటి రాత్రి తలనొప్పి ఉండి, దానికి తోడు వాంతి వచ్చేలా ఉన్నా, అన్నం సహించకపోయినా, తల తిరుగుతున్నా మరుసటి రోజు పైకి కదలకండి. గీత గీసి మడమకు వేళ్లు ఆనించి నడిస్తే తూలుతున్నారంటే, లేక కూర్చున్నప్పుడు కూడా ఆయాసపడుతూ దగ్గుతున్నారంటే తెల్లారేదాకా ఆగకూడదు. అప్పుడు సైకిల్ వదిలేసి జీపులో పియో వైపు పోవాలి. అక్కడ జిల్లా ఆసుపత్రి ఉంది.

ఎత్తు జబ్బు రాకుండా ఎసిటజోలమైడ్ 125 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు, పైకెక్కడానికి ముందు రోజు నుంచి వాడటం మామూలు పద్ధతి. సల్ఫా మందులు పడని వాళ్లు దీని జోలికి పోవద్దు. ఎవరైనా సరే వైద్యుణ్ని అడిగాకే, అది కూడా ఇంట్లో ఉండగా ఒకసారి వేసి చూసుకున్నాకే తీసుకెళ్లండి. వేళ్ల చివర్లు తిమ్మిరెక్కడం, మూత్రం ఎక్కువ రావడం దీనికి మామూలే. నిద్ర మాత్రలు, మద్యం ఈ ఎత్తులో వద్దు. రాత్రిపూట ఊపిరి ఇంకా మందగిస్తుంది.

స్పోక్‌తాళం

గేర్లు మార్చండి, బ్రేకులు ఉంచేయండి. ముందు లెక్క చూద్దాం.

మీ అతి తేలిక గేరు 30/34. 700×40 చక్రం చుట్టుకొలత 2.2 మీటర్లు అనుకుంటే పెడల్ ఒక చుట్టుకు 1.94 మీటర్లు పోతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు 7 కి.మీ. వంద కిలోలతో 8 శాతం ఎక్కుడు మీద ఆ వేగానికి దాదాపు 180 వాట్లు కావాలి. మామూలు ఆరోగ్యం ఉన్న మనిషి గంటల తరబడి ఇవ్వగలిగేది 130–150. నాకో ఎత్తుకు వచ్చేసరికి అందులోంచి ఐదో వంతు దాకా తరిగిపోతుంది. ఇక మిగిలిన దారి చుట్లు తగ్గించి మోకాళ్ల మీద బరువు వేయడమే. మోకాలి చిప్ప కింద నొప్పి మొదలయ్యేది ఇలాగే.

చవకైన మార్పు: వెనక 11-40 క్యాసెట్. 30/40 అయితే అదే 60 చుట్లకు సుమారు 6 కి.మీ. వేగం, 153 వాట్లు. డిరైలర్ (చైనును ఒక పళ్లచక్రం నుంచి ఇంకోదానికి జరిపే భాగం) ఎంత చైను సర్దగలదో చూసుకోండి: ముందు తేడా 16 పళ్లు, వెనక తేడా 29, మొత్తం 45. పొడుగు కేజ్ ఉన్నది కావాలి. పై పుల్లీ పెద్ద పళ్లచక్రాన్ని రాసుకుంటుంటే బీ-స్క్రూ (డిరైలర్‌ను పళ్లచక్రానికి దూరం జరిపే మర) బిగించి సరిపోతుందేమో చూడండి, లేదంటే హ్యాంగర్ (డిరైలర్‌ను ఫ్రేముకు పట్టే ముక్క) పొడిగింపు ముక్క వేయాలి. కొత్త క్యాసెట్‌కి కొత్త చైను, పొడుగు పెంచి వేయాలి. పెద్ద చైన్‌రింగు మీద, పెద్ద పళ్లచక్రం మీద ఒకేసారి చైను వేసి చూడండి. బిగుసుకుపోతే పొడుగు చాలనట్టు. ఆ తప్పు కొండ మీద తెలిస్తే డిరైలర్ విరుగుతుంది.

అసలైన మార్పు: ముందు మూడు చైన్‌రింగుల 42/32/22 క్రాంక్‌సెట్. 22/34 అంటే చుట్టుకు 1.42 మీటర్లు, గంటకు 5 కి.మీ., దాదాపు 130 వాట్లు. ముందు షిఫ్టరు, ముందు డిరైలరు, బాటమ్ బ్రాకెట్ కూడా కుదరాలి కాబట్టి ఖర్చు ఎక్కువ. గంటకు 5 కి.మీ. కన్నా నెమ్మదిగా పోతే సైకిల్ నిలవదు, దిగి తోయడమే మేలు. కాబట్టి అంతకన్నా తేలిక గేరు కోసం వెతకనక్కర్లేదు.

బ్రేకులు. నార్కండా నుంచి రాంపూర్‌కి 1,700 మీటర్ల దిగుడు. వంద కిలోలకు అది సుమారు 1,670 కిలోజౌళ్ల శక్తి. ఐదు లీటర్ల చన్నీళ్లు మరిగించడానికి పట్టేంత వేడి. అందులో కొంత గాలి తీసుకుంటుంది, మిగిలింది మీ రోటర్లు (బ్రేకు ప్యాడ్లు పట్టుకునే లోహపు బిళ్లలు) మోయాలి. నెమ్మదిగా, ఎప్పుడూ లివరు కొంచెం నొక్కి పట్టుకుని దిగే పద్ధతి చాలా చెడ్డది. గాలి సాయం దొరకదు, ప్యాడ్లకు చల్లారే వ్యవధి ఉండదు, కాసేపటికి పైపొర గాజులా మెరిసి పట్టు పోతుంది. మలుపుకు ముందే గట్టిగా, కొద్దిసేపు రెండు బ్రేకులూ నొక్కి వేగం తగ్గించండి, మలుపులో వదిలేయండి. గులకరాళ్ల మీద ముందు బ్రేకు సున్నితంగా. లివరు మామూలు కన్నా లోపలికి పోతున్నా, కాలిన వాసన వచ్చినా ఆగి పది నిమిషాలు చల్లారనివ్వండి. రోటర్ మీద నీళ్లు పోయకండి, వంకర పోతుంది.

కేబుల్ డిస్కే ఈ దారికి నయం. తెగితే ఒక కేబుల్, ఐదు నిమిషాలు. హైడ్రాలిక్ గొట్టం కారితే రాంపూర్ దాటాక దాన్ని నింపి గాలి తీసే చోటు దొరుకుతుందని లెక్క వేసుకోలేం. కాకపోతే కేబుల్ డిస్కులో ప్యాడ్ అరుగుదలను మీరే సర్దాలి. చాలావాటిలో రోటర్ లోపలి వైపున్న ప్యాడ్ కదలదు, దాన్ని తిప్పే మర వేరే ఉంటుంది. పెద్ద దిగుడు అయిన ప్రతిసారీ ఆ మరను రోటర్‌కి తగిలేదాకా తిప్పి, ఒక క్లిక్ వెనక్కి తీయండి. చేతి దగ్గరి బ్యారెల్ (కేబుల్ బిగించే మర) ఒక్కటే తిప్పుతూ పోతే ఒక వైపే అరిగి రోటర్ వంగుతుంది. ప్యాడ్ల మందం అర మిల్లీమీటరు దగ్గరికి వస్తే మార్చేయండి. దుమ్ములో, తడిలో రెసిన్ ప్యాడ్లు తొందరగా పోతాయి. సింటర్డ్ (లోహపు పొడితో చేసిన) ప్యాడ్లు వేసుకోండి, కానీ రోటర్ మీద రెసిన్ ప్యాడ్లకే అని రాసి ఉందేమో చూశాకే. కొత్త ప్యాడ్లు వేశాక చదును దారిలో ఒక ఇరవై సార్లు గట్టిగా వేగం తగ్గించి వాటిని రోటర్‌కి అలవాటు చేయాలి, ఒక్కసారి కూడా చక్రం బిగుసుకోకుండా.

విడి సామాను: రెండు ట్యూబులు, ప్యాచీలు, ఒక మడత టైరు, టైరు చీలితే లోపల వేయడానికి పాత టైరు ముక్క, 9 స్పీడు చైను లింకులు రెండు, ప్యాడ్లు రెండు జతలు, ఒక గేరు కేబుల్, ఒక బ్రేకు కేబుల్, మీ ఫ్రేముకే సరిపోయే డిరైలర్ హ్యాంగర్. ఈ చివరిది మరిచిపోవద్దు. బస్సు పైకప్పు మీద సైకిల్ ఎక్కిస్తే ముందు వంగేది అదే, హ్యాంగర్ అన్ని ఫ్రేములకూ ఒకటే ఉండదు. స్పోకులు మూడు పొడుగుల్లో రెండేసి: ముందుది, వెనక క్యాసెట్ వైపుది, వెనక రెండో వైపుది. విరిగేది దాదాపు ఎప్పుడూ క్యాసెట్ వైపుదే, దాన్ని మార్చాలంటే క్యాసెట్ విప్పాలి. విప్పే చిన్న పనిముట్టు గానీ, పీచుతో చేసిన తాత్కాలిక స్పోకు గానీ పెట్టుకోండి.

దేవదారు

ఊళ్ల గురించి నేను చెప్తాను. కింద కిన్నౌర్‌లో, పైన స్పితిలో ఇళ్లు కట్టిన తీరు పూర్తిగా వేరు. ఆ మార్పు ఎక్కడ మొదలవుతుందో సైకిల్ వేగంలోనే కనబడుతుంది.

సరాహన్ భీమకాళి గుడి, సాంగ్లా పక్కన కామ్రూ కోట చూడండి. ఒక వరస దేవదారు దూలం, ఒక వరస రాయి, మళ్లీ దూలం. నడుమ సున్నం గానీ సిమెంటు గానీ ఉండదు. దీన్ని కాఠ్-కుణి అంటారు. మూలల దగ్గర దూలాలు ఒకదాని మీద ఒకటి అడ్డంగా కూర్చుంటాయి, భూకంపం వచ్చినప్పుడు గోడ పగలకుండా కొద్దిగా కదిలి సర్దుకుంటుంది. పూహ్ దాటాక చెట్లు తగ్గిపోతాయి. నాకో వచ్చేసరికి గోడలు రాయి, మట్టి. టాబో, ధన్‌కర్‌లలో ఎండబెట్టిన మట్టి ఇటుక, తెల్లసున్నం, చదును మిద్దె, మిద్దె అంచున చలికాలానికి పేర్చిన గడ్డి, పుల్లలు. వాన తక్కువ కాబట్టే మట్టి మిద్దె నిలుస్తోంది.

కల్పా పాత పేరు చినీ. షిమ్లా నుంచి టిబెట్ వైపు 1850లో డల్హౌసీ హయాంలో మొదలుపెట్టిన హిందూస్థాన్–టిబెట్ దారి మీది ఊరు. విశ్రాంతి రోజున అక్కణ్నుంచి రోఘీ దాకా నడవండి. కింద లోయ అడుగున సట్లెజ్, ఎదురుగా కిన్నర్ కైలాస్.

టాబో మఠం 996లో కట్టింది. బయటి నుంచి చూస్తే గుండ్రని మట్టి దిబ్బలే. లోపల గోడల నిండా రంగు బొమ్మలు, గోడకు అతికిన మట్టి విగ్రహాలు. 1975 జనవరిలో కిన్నౌర్ భూకంపానికి దెబ్బతిన్నా నిలిచింది. లోపల దాదాపు చీకటి, ఫొటోలు తీయనివ్వరు. కళ్లు అలవాటు పడేదాకా పది నిమిషాలు ఊరికే కూర్చోండి, ఒక్కొక్కటీ తేలి వస్తాయి. టాబోలో సాయంత్రం ఆరింటికి చేరి పొద్దున ఆరింటికి బయల్దేరితే ఇది పోతుంది. ఈ దారి మొత్తంలో ఒక్కచోటే ఆగగలిగితే ఇక్కడ ఆగమంటాను.

ధన్‌కర్ ఒకప్పటి స్పితి రాజధాని. స్పితి, పిన్ నదులు కలిసే చోటికి పైన, చీలిన మట్టి కొమ్ముల మీద కోట, మఠం. కింద మట్టి కొట్టుకుపోతూ ఉండటంతో 2006లో ప్రపంచ స్మారకాల నిధి (వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్) వాళ్లు దీన్ని ప్రమాదంలో ఉన్న వంద స్థలాల పట్టికలో చేర్చారు. పాత గోంపాలో ఒకేసారి ఎక్కువ మందిని లోపలికి పోనివ్వరు, ఆ మాట వినండి. షిఛ్లింగ్ దగ్గర పెద్ద దారి వదిలి సుమారు 8 కి.మీ.లో 500 మీటర్లకు పైగా ఎక్కాలి. బరువు సంచులు కింద ఏ ఇంట్లోనైనా అడిగి పెట్టి పోండి.

సమయం తక్కువైతే కుంజుమ్ వదిలేసి కాజా నుంచి బస్సులో వెనక్కి రండి. టాబో, ధన్‌కర్ వదలకండి.

టెంటు వేసేటప్పుడు బార్లీ, బఠానీ పొలాల్లోకి పోయే కుహ్ల్ కాలవలకు దూరంగా వేయండి. మంచు కరిగిన ఆ నీళ్లే ఊరి పంటకు ఆధారం. వాటిలో సబ్బు, గిన్నెలు కడగడం ఊరికి చేసే అన్యాయం.

నదివెంట

ఎత్తులెక్క గారి పట్టికతో ఒప్పుకుంటాను. రోజులోని వేళల గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు, ఈ లోయల్లో సగం ప్రమాదం వేళ తప్పడం వల్లే.

కిన్నౌర్ దారి కొండ కడుపు తొలిచి వేసింది. రాళ్లు ఎక్కువగా పడేది మధ్యాహ్నం తర్వాత. మంచు, మట్టి కరిగి వదులవుతాయి, గాలి లేస్తుంది, పైన మేకలు కదిలినా రాయి జారుతుంది. దారి మీద తాజా రాళ్లు, సన్నటి మట్టి ధార కనబడితే అక్కడ ఫొటోకి ఆగొద్దు. పైకి ఒకసారి చూసి, వరసగా వెళ్లే వాళ్లయితే ఒక్కొక్కరే దాటాలి. ఈ ఒక్క దారిలో హెల్మెట్ ఎక్కుడులో కూడా తీయకండి. బీఆర్ఓ (సరిహద్దు రోడ్ల సంస్థ) వాళ్లు పేలుళ్ల కోసం ఆపితే ఆగిపోవాల్సిందే, పక్కనుంచి దూరే ప్రయత్నం వద్దు.

వాగులదీ అదే సంగతి. నాకో దాటాక మల్లింగ్ వాగు, కుంజుమ్ దాటాక బాతల్–ఛత్రూ నడుమ దారికి అడ్డంగా పారే వాగులు తెల్లవారుజామున పిక్కల దాకా ఉంటే సాయంత్రం తొడల దాకా రావచ్చు, అడుగున రాళ్లు కనబడవు. ఉదయం తొమ్మిదిలోపు దాటేలా బయల్దేరండి. సంచులు విప్పి ముందు సంచులు, తర్వాత సైకిల్. సైకిల్ ప్రవాహానికి దిగువ వైపు ఉండాలి, లేకపోతే అది మీ మీదికి పడుతుంది. షూ వేసుకునే దాటండి, ఉత్త కాళ్లతో వద్దు. దాటిన వెంటనే బ్రేకులు నొక్కి ఆరబెట్టి, చైన్‌కి నూనె వేయండి.

సెప్టెంబరు మంచి నెలే. స్పితి వానల నీడలో ఉంటుంది, రాంపూర్–పియో వైపు మాత్రం సెప్టెంబరు మొదట్లో వాన ఇంకా పట్టుకుని ఉండొచ్చు. అదే సమయంలో ఆపిల్ లారీలు మొదలవుతాయి. ఇరుకు దారిలో వెనక లారీ హారన్ కొడితే లోయ అంచుకు పోకండి, కొండ వైపుకు జరిగి ఆగండి. నెలాఖరుకు కాజాలో రాత్రి నీళ్లు గడ్డకడతాయి. కుంజుమ్ మీద మంచు పడితే ఒకటి రెండు రోజుల్లో కరగొచ్చు, మళ్లీ తెరుచుకోకపోనూ వచ్చు. లోసర్‌లో అడిగాకే కదలండి.

భారతీయులకు ఈ దారికి ఇన్నర్ లైన్ పర్మిట్ (సరిహద్దు ప్రాంతంలోకి పోయే అనుమతి) అక్కర్లేదు, గుర్తింపు కార్డు మాత్రం సుమ్డో చెక్‌పోస్టు లాంటి చోట్ల చూపాలి. కాజాలో ఏటీఎం ఉన్నా దాన్ని నమ్ముకోకుండా నగదు పియోలోనే తీసుకోండి.

మూడోగేరు

అందరికీ ధన్యవాదాలు. పదిహేడు రోజులు సెలవు దొరికేలా చూస్తాను. ఇంకో మూడు ప్రశ్నలు. నాకోలో పడుకోకుండా అదే రోజు దాటేసి ఛాంగోలో పడుకుంటే ఎత్తు తక్కువ కదా? టైర్లలో గాలి ఎంత పెట్టాలి, ఎత్తుకు పోతే పగులుతాయా? నది నీళ్లు వడకట్టుకుని తాగొచ్చా?

ఎత్తులెక్క

ఛాంగో సుమారు 3,050 మీటర్లు, ఎత్తు లెక్కన మీ ఆలోచన సరైనదే. కానీ పూహ్ నుంచి ఖాబ్ దగ్గర నదీ సంగమం, అక్కణ్నుంచి కా అనే చోటి మలుపుల మీదుగా వెయ్యి మీటర్లకు పైగా ఎక్కి, మళ్లీ ఛాంగోకి దిగాలంటే మల్లింగ్ వాగు దగ్గరికి చేరేది సాయంత్రమే. నదివెంట గారు వద్దన్న వేళ అది. పూహ్ బదులు ఖాబ్‌కి దగ్గర్లో ఎక్కడైనా పడక కుదిరి, నాలుగింటికే బయల్దేరి, పదింటికల్లా నాకో చేరగలిగితే ఆలోచించవచ్చు. లేకపోతే నాకోలో రెండు రాత్రులే మంచిది. ఆ ఊరి చెరువు, పాత గుడులు కూడా సగం పూటకు చాలేవి కావు.

నీళ్ల సంగతి: సట్లెజ్, స్పితి నీళ్లలో బూడిద రంగు మెత్తటి మట్టి ఉంటుంది. ఫిల్టరు ఒక రోజులో మూసుకుపోతుంది. రాత్రంతా సీసాలో కదలకుండా ఉంచి, పైన తేరిన నీళ్లనే ఫిల్టరులో పోయండి. అంతకన్నా ఊరి ఊట నీళ్లు తెచ్చి మరిగించడం నయం. 2,000 మీటర్ల పైన మూడు నిమిషాలు మరగాలి. కాజా ఎత్తులో నీళ్లు 88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, అందుకే అక్కడ కుక్కరు లేకుండా అన్నం ఉడకడానికి చాలా సేపు పడుతుంది. క్లోరిన్ బిళ్లలు వేస్తే చన్నీళ్లకు అరగంట చాలదు, గంట ఉంచండి. ఫిల్టరు గడ్డకడితే లోపలి గొట్టాలు పగిలి పనికిరాకుండా పోతుంది, బయటికి ఏమీ కనబడదు. రాత్రి స్లీపింగ్ బ్యాగులో పెట్టుకుని పడుకోండి.

స్పోక్‌తాళం

టైర్లు పగలవు. మైదానం నుంచి 4,000 మీటర్లకు పోతే బయటి గాలి ఒత్తిడి తగ్గడం వల్ల గేజి మీద 5–6 పీఎస్ఐ పెరుగుతుంది, చలి ఆ పెరుగుదలలో చాలా భాగాన్ని తిరిగి తీసేస్తుంది. ఫ్రేములో చోటుంటే 45 మిల్లీమీటర్ల టైర్లు వేయండి. ముందు 35, వెనక 42 పీఎస్ఐతో మొదలుపెట్టి చూడండి. రాయి మీద ఎక్కినప్పుడు రిమ్ తగిలిన చప్పుడు వస్తే మూడు పెంచండి. పాము కాటులా రెండు చిల్లులు పక్కపక్కన కనబడితే గాలి చాల్లేదని అర్థం. చలిలో ప్యాచీ జిగురు నెమ్మదిగా ఆరుతుంది, తడి మెరుపు పోయేదాకా ఆగి అతికించండి, లేకపోతే అరగంటలో లేచిపోతుంది.

సామాను బరువు వెనకే పెట్టకండి. 18 కిలోల్లో ఆరేడు కిలోలు ముందు ఫోర్కు మీద కిందికి, ఇరుసుకు దగ్గరగా. అప్పుడు ఎక్కుడులో ముందు చక్రం లేవదు, వెనక స్పోకులు బతుకుతాయి. ర్యాకు పట్టే ఎం5 మరలకు నీలం రంగు థ్రెడ్ లాక్ (మర వదులు కాకుండా పట్టే జిగురు) వేసి, ప్రతి సాయంత్రం వేలితో కదిపి చూడండి. నాలుగిట్లో ఒకటి వదులైతే మిగతా మూడింటి మీద బరువు పడి, తెగితే ఫ్రేము లోపలే తెగుతుంది. ఆ ముక్కను బయటికి తీయడం దారిలో అయ్యే పని కాదు. నాలుగు విడి మరలు హ్యాండిల్ బారు చివర దూర్చి పెట్టుకోండి.

నూనె: తడి రకం నూనె వేస్తే స్పితి దుమ్ము చైను మీద పేస్టులా గడ్డకడుతుంది. పొడి రకం తీసుకుని, ప్రతి నూరు కిలోమీటర్లకు గుడ్డతో తుడిచి, ఒక్కో రోలరుకు ఒక్కో చుక్క వేసి, పైన మిగిలింది తుడిచేయండి. వాగు దాటిన రోజున దూరం లెక్క లేదు, ఆ సాయంత్రమే వేయాలి. కుంజుమ్ దిగుడుకు ముందు లోసర్‌లో ప్యాడ్లు విప్పి మందం చూడండి, మిల్లీమీటరు లోపు ఉంటే కొత్తవి అక్కడే వేసుకుని దిగండి. బాతల్ దారి రాళ్ల మీద, గాలిలో, చేతులు కొంకర్లు పోతుండగా మార్చడం చాలా కష్టం.